మార్కండికి ఒకే వ్యాన్

ముందు వాసన సంగతి

నేను రొయ్య తినలేదు, ఇకముందు తినే ఆలోచనా లేదు. కానీ ఉద్యోగం చేసినన్నాళ్ళూ రొయ్యల్నే మోయించాను. ఒడిశాలోని బరంపురం శివార్లలో, అంకులి వైపున్న ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో రవాణా మేనేజరుగా రిటైరయ్యాను. సముద్రం ఒడ్డు నుంచి సరుకు ఫ్యాక్టరీకి చేరడం, ఫ్యాక్టరీ నుంచి కంటైనర్లలో ఓడరేవుకి వెళ్ళడం, ఈ రెండూ నా నెత్తి మీద ఉండేవి.

మా నాన్నగారు లంజిపల్లిలో పురోహితులు. ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు "ఏం పనమ్మా?" అన్నారు. "ఎగుమతి నాన్నగారూ" అన్నాను. ఏమిటి ఎగుమతి అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. వ్రతం చేయించిన ప్రతి ఇంట్లోనూ "మా విశాలాక్షి ఎక్స్‌పోర్టులో ఉంది" అని గర్వంగా చెప్పుకున్నారు. తర్వాత ఒక వానాకాలం సాయంత్రం నేను గుమ్మంలో అడుగుపెడితే, పక్కింటి పిల్లి నా వెనకాలే లోపలికొచ్చి చీర కుచ్చెళ్ళ దగ్గర కూర్చుంది. నాన్నగారు పిల్లిని చూశారు. నన్ను చూశారు. "ఎక్స్‌పోర్టంటే ఇదా" అన్నారు. ఆ రోజు నుంచి పెరట్లో నూతి దగ్గర స్నానమయ్యాకే నాకు వంటింట్లోకి ప్రవేశం.

ఈ వాసన వల్ల లాభాలూ ఉన్నాయి. షేర్ ఆటోలో నాకెప్పుడూ ఇద్దరు కూర్చునే చోటు దొరికేది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు సప్లై చైన్ అనీ, సస్టైనబిలిటీ అనీ మంచి మంచి పేర్లతో వస్తున్నారు. ఏసీ గదిలో కూర్చుని తెర మీద బండ్లని చుక్కలుగా చూస్తున్నారు. చూడండి, తప్పు లేదు. ఆ చుక్క లోపల ఒక మనిషి ఉంటాడు, వెనకాల ఐసు కరుగుతూ ఉంటుంది, ఎదురుగా ఒక ఆవు నిలబడి ఉంటుంది. వీటిలో ఏదీ తెర మీద కనపడదు. నా ప్రమోషన్లూ ఇంక్రిమెంట్లూ మీకు అనవసరం. బండ్ల పొగ తగ్గించడానికి మేం పడ్డ పాట్లు మాత్రం చెబుతాను. నా సర్వీసంతటిలో నాకు బాగా బుద్ధి నేర్పిన సంగతి అదే.

ఆకు బొమ్మ

మా యజమాని పాత్రో బాబు. తాతల నాటి నుంచీ బరంపురం బజారులో పప్పులూ చింతపండూ టోకున అమ్మిన కుటుంబం. ఆయనా రొయ్య ముట్టరు. కంపెనీలో పైనున్న ఇద్దరికీ సరుకు రుచి తెలియదు కాబట్టి ఇంట్లోకి సరుకు తరలిపోదని ఆయన ధీమా.

సముద్రాల అవతలున్న మా పెద్ద కొనుగోలుదారు దగ్గర నుంచి ఒకరోజు కబురొచ్చింది. మీ రొయ్యలు మోసే బండ్లు భూమిని వేడెక్కించే వాయువు ఎంత వదులుతున్నాయో లెక్క చూపించండి, దాన్ని తగ్గించండి, లేకపోతే వచ్చే సీజను ఆర్డరు గురించి ఆలోచించుకోవాలి అని.

పాత్రో బాబు నన్ను పిలిచారు. "విశాలమ్మా, ఇదేటమ్మా? మన బళ్ళు పొగ ఒగ్గుతున్నాయట. ఆళ్ళకి అక్కడనుంచి ఎలగ కనపడింది?"

"కనపడక్కర్లేదు బాబూ. డీజిల్ బండి అంటే చాలు, తెలిసిపోతుంది."

"అయితే ఏటి సేద్దాం?"

నేను ఆలోచించి చెబుతానన్నాను. ఆయన ఆలోచించడానికి ఆగే మనిషి కాదు. వారం తిరక్కుండా వ్యాన్లన్నిటికీ ఆకుపచ్చ రంగు వేయించారు. తలుపు మీద ఒక పెద్ద ఆకు బొమ్మ, దాని కింద రొయ్య బొమ్మ. చూసినవాళ్ళు రొయ్య ఆకు తింటోందనుకునేవాళ్ళు. కాంపౌండు గోడ పొడుగునా వేపమొక్కలు నాటించారు. అంకులి మేకలు ఆ వారమంతా పండగ చేసుకున్నాయి.

తర్వాత వీడియోలో మాట్లాడుకునే రోజు వచ్చింది. అటువైపు కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ. మేం రంగు వేసిన వ్యాన్ల ఫొటోలు చూపించాం. ఆవిడ ఓపిగ్గా చూసింది. ఆకు చాలా బాగుందని మెచ్చుకుంది. తర్వాత, కిలో రొయ్యలు ఫ్యాక్టరీకి చేరడానికి మీరు ఎంత డీజిల్ కాలుస్తున్నారు అని అడిగింది.

పాత్రో బాబు నా వైపు చూశారు. నేను అకౌంటెంటు వైపు చూశాను. అకౌంటెంటు ఫ్యాను వైపు చూశాడు.

మీరు కొత్తగా ఈ పనిలో చేరేవాళ్ళయితే ఆవిడ ప్రశ్న గుర్తుపెట్టుకోండి. చాలా కంపెనీలు ఈ ఒక్క ప్రశ్న తప్పించుకోవడానికే రంగులు కొంటాయి.

ఇసకలో బండి

దాంతో పాత్రో బాబు విశాఖపట్నం నుంచి ఒక కన్సల్టెంటుని పిలిపించారు. పేరు అనిరుధ్. సన్నగా, తెల్లటి బూట్లతో, వీపున సంచితో దిగాడు. డ్రైవర్లందరూ ఆ బూట్లు చూసి ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకున్నారు. నిజం చెప్పాలంటే నేనూ నవ్వుకున్నాను.

"మా బండ్లన్నిటికీ పొల్యూషన్ సర్టిఫికెట్లు ఉన్నాయి బాబూ" అన్నాను మొదటిరోజే, కాస్త దర్పంగా.

"ఉండాలి మేడం. కానీ ఆ సర్టిఫికెట్ మీ పొగ ఎంత మురికిగా ఉందో చెబుతుంది. మీరు ఎంత డీజిల్ తగలేస్తున్నారో చెప్పదు. కొనుగోలుదారు అడుగుతున్నది కనపడే పొగ గురించి కాదు, కనపడని వాయువు గురించి. డీజిల్ ఎంత కాలిస్తే అది అంత వస్తుంది. బండి శుభ్రంగా ఉన్నా సరే, ఖాళీగా తిరిగితే నేరమే."

ఇన్నేళ్ళ సర్వీసులో ఈ మాట నాకెవరూ ఇంత సులువుగా చెప్పలేదు. ఆ బూట్ల మీద నాకున్న అభిప్రాయం కొంచెం మారింది.

మర్నాడు పొద్దున్నే అతన్ని వెంటపెట్టుకుని మార్కండి వెళ్ళాను. మార్కండి సముద్రం ఒడ్డున జాలర్ల ఊరు. మాకు మంచి సరుకు అక్కణ్ణుంచే వచ్చేది. ఐసు నింపుకుని వ్యాన్లు వెళ్ళి, రొయ్యలు నింపుకుని తిరిగొచ్చేవి. ఆ రోజు మేమెక్కింది దండాసి వ్యాను. దండాసి మా డ్రైవర్లందరిలో పాతవాడు. ఒడియా తెలుగూ కలిపి మాట్లాడతాడు, బండిని పసిపాపలా నడుపుతాడు, కానీ చెప్పింది ఒక పట్టాన వినడు. మా వెనకాల రెండో వ్యాను భాస్కర్‌ది. రెండూ మార్కండికే, రెండూ ఒకే వీధికే.

"రెండు వ్యాన్లు ఎందుకు మేడం? అంత సరుకు ఉంటుందా?" అన్నాడు అనిరుధ్.

"నువ్వే చూద్దువుగాని" అన్నాను.

మేం దిగేసరికి పోలమ్మ గుమ్మంలో టబ్బులతో సిద్ధంగా ఉంది. పడవల దగ్గర సరుకు కొని మాకు అమ్మే ఏజెంటు ఆవిడ. బండి ఆగింది కానీ ఇంజను ఆగలేదు. తూకం జరుగుతోంది, ఇంజను నడుస్తోంది. దండాసి టీ తాగుతున్నాడు, ఇంజను నడుస్తోంది. వెనక వ్యాను దగ్గరా అదే తంతు.

"ఇంజను ఆపొచ్చు కదా?" అన్నాడు అనిరుధ్.

"ఆపకూడదండీ బాబూ. ఆపి మళ్ళీ స్టార్ట్ సేస్తే ఇంకా ఎక్కువ తాగీద్ది డీజిల్" అన్నాడు దండాసి. అన్నేళ్ళుగా డ్రైవర్లందరూ అదే చెబుతున్నారు, నేనూ నమ్ముతున్నాను.

"అది నిజం కాదు. ఒకసారి ఆపి చూపించండి."

దండాసి నా వైపు చూశాడు. నేను తలూపాను. తాళం తిప్పాడు. చుట్టూ ఒక్కసారి నిశ్శబ్దం. సముద్రం చప్పుడు వినపడింది. అన్నిసార్లు వచ్చాను గానీ ఆ వీధిలోంచి అలల హోరు వినపడుతుందని నాకు అప్పుడే తెలిసింది.

తూకమయ్యాక దండాసి మళ్ళీ తాళం తిప్పాడు. బండి ఒకసారి దగ్గి ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు. ఈసారి దగ్గు కూడా లేదు.

"బ్యాటరీ నేదండీ" అన్నాడు దండాసి, మెల్లగా. "సచ్చిపోయి సాన్నాళ్ళయింది. పర్చేజుకి సెప్తే, నడుస్తోంది కదా అంటారు. అందుకే ఆపం."

డీజిల్ ఎక్కువ తాగుతుందన్న కథంతా ఈ చచ్చిన బ్యాటరీని కప్పిపెట్టడానికే పుట్టింది. ఎవరో ఒకరు అన్నారు, మిగతావాళ్ళు పట్టుకున్నారు, తర్వాత అది వేదమై కూర్చుంది. బ్యాటరీ మార్చడం ఎందుకని పర్చేజువాళ్ళు మిగిల్చిన దానికన్నా ఎక్కువ డీజిల్, ఊరికే నిలబడి ఉన్న బండ్లు తాగేశాయి.

సరే, బండిని తొయ్యాలి. ఇసకలో. అనిరుధ్ తెల్లబూట్లతో, నేను కొంగు బొడ్డున దోపుకుని, భాస్కరు, టబ్బులు మోసే ఇద్దరు ఆడవాళ్ళు. పోలమ్మ గుమ్మంలో నిలబడి నడుం మీద చెయ్యేసుకుని నవ్వుతోంది. "పంతులుగోరి అమ్మాయి ఐసు బండి తోస్తన్నాది, రండర్రా సూద్దురుగాని!" అని వీధంతా పిలిచింది. బండి కదిలింది. అనిరుధ్ బూట్లు కదల్లేదు, ఇసకలోనే ఉండిపోయాయి.

అతను నవ్వాడు. మనిషి నిలబడతాడని నాకు అప్పుడే అనిపించింది. నెల తిరిగేలోగా వ్యాన్లన్నిటికీ కొత్త బ్యాటరీలు పడ్డాయి, బండి ఆగితే ఇంజను ఆగాలన్న ఆర్డరు గేటు దగ్గర అతికించాను. అంకులిలో మా గేటు ఎదురింటివాళ్ళు డాబా మీద మళ్ళీ తెల్లబట్టలు ఆరేయడం మొదలెట్టారు.

రెండు గుమ్మాలు

ఇక రెండు వ్యాన్ల సంగతి. పోలమ్మ, చిట్టెమ్మ తోడికోడళ్ళు. ఇద్దరూ ఏజెంట్లే. ఒకే వీధిలో ఉంటారు, ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూడరు. ఎందుకని పోలమ్మని అడిగితే, ఆడపడుచు పెళ్ళిలో పెద్దకోడలైన తనకి పెట్టాల్సిన చీర ముందుగా చిట్టెమ్మకి పెట్టారని చెబుతుంది. చిట్టెమ్మని అడిగితే చీర ఊసే లేదు, తన వల మీద పోలమ్మ చేపలు ఎండబెట్టిందని చెబుతుంది. ఈ తగువు వల్ల మా కంపెనీ రోజూ ఆ ఊరికి రెండు వ్యాన్లు పంపేది. పోలమ్మ సరుకు చిట్టెమ్మ సరుకుతో కలిసి ఒకే బండిలో ప్రయాణం చెయ్యదు. రెండు బండ్లూ సగం నిండకుండానే వెనక్కి వచ్చేవి.

"ఇదే మీ జబ్బు మేడం. ఒక బండి చాలు" అన్నాడు అనిరుధ్.

నేను పాత్రో బాబుకి చెప్పాను. ఆయన గెడ్డం నిమురుకున్నారు.

"విశాలమ్మా, ఆళ్ళిద్దరూ కొట్టుకోడం మనకి మంచిదమ్మా. ఒకావిడ రేటు పెంచితే రెండో ఆవిడ దగ్గర ఎక్కువ కొంటాం. ఒకే బండి అయితే ఇద్దరూ కలిసిపోరు కదా?"

"వాళ్ళు కలవరు బాబూ. నాదీ పూచీ" అన్నాను.

మొదటిరోజు ఒకే వ్యాను పంపాను. వీధిలోకి వెళ్ళగానే ముందు పోలమ్మ ఇల్లు వస్తుంది కాబట్టి అక్కడ ఆగింది. చిట్టెమ్మ తన గుమ్మంలోంచి అది చూసింది. వ్యాను తన దగ్గరికి వచ్చేసరికి టబ్బులు లేవు. సరుకంతా వేరే కంపెనీకి ఇచ్చేసింది.

నేను ఫోను చేశాను. "ఏటమ్మా చిట్టెమ్మా, ఇలా చేశావు?"

"ఆవిడ గుమ్మంలో ఎంగిలైన బండి నా గుమ్మానికి అక్కర్నేదు" అని పెట్టేసింది.

రోజు మార్చి రోజు ఒకళ్ళ దగ్గర ముందు ఆగేలా పెట్టాం. సముద్రంలో వేట లేని రోజు ఎవరి ఖాతాలో వెయ్యాలని మళ్ళీ గొడవ. చివరికి అనిరుధ్ ఫోనులో మ్యాపు తెరిచి, రెండిళ్ళకీ సరిగ్గా మధ్యన వలలు బాగుచేసుకునే పాక ఉందని కనిపెట్టాడు. బండి అక్కడే ఆగుతుంది, ఇద్దరూ సరుకు అక్కడికే తేవాలి. తన వైపు ఇసక లోతుగా ఉందని పోలమ్మ, తన వైపు కుక్కలున్నాయని చిట్టెమ్మ సణిగారు గానీ, ఒప్పుకున్నారు. ఇద్దరూ పాకలో చెరో మూల, ఒకళ్ళకొకళ్ళు వీపు తిప్పుకుని కూర్చునేవాళ్ళు.

కాగితం మీద డీజిల్ గీత కిందకి దిగింది. అనిరుధ్ సంతోషించాడు. నేను సంతోషించాను. పాత్రో బాబు మిగిలిన వ్యాను అమ్మేద్దామన్నారు.

దండాసి అడిగిన మాట

మా డ్రైవర్లకి ట్రిప్పు లెక్కన బత్తా. ఒకే వ్యాను అంటే దండాసి ఒకరోజు, భాస్కర్ ఒకరోజు. అంటే ఇద్దరికీ రాబడి సగం. ఇది నాకు తెలియదా? తెలుసు. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. మన ఉద్యోగంలో తర్వాత చూద్దాం అనేవి ఎప్పుడూ డ్రైవర్ల సంగతులే, గమనించండి.

దండాసి ఒక మధ్యాహ్నం నా టేబులు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అమ్మగోరూ, బండి పొగ తగ్గింది. మంచిదే. మరి నా ఇంట్లో పొయ్యి పొగ కూడా తగ్గాలాండీ?"

లేచి పాత్రో బాబు గదికి వెళ్ళాను. ట్రిప్పు బత్తా తీసేసి ఇద్దరికీ నెల జీతం ఇద్దామన్నాను.

"ఇంట్లో ఖాళీగా కూకున్న రోజుక్కూడా జీతమా?" అన్నారాయన.

"ఆ ఖాళీ మనం చేయించిందే కదా బాబూ."

"నేను కాదమ్మా, ఆ కళ్ళజోడు ఆవిడ సేయించింది. ఆవిణ్ణే ఇమ్మను" అని ఫోను ఎత్తారు. మాట అయిపోయిందని దానర్థం. తర్వాత చార్టులు పట్టుకుని ఎన్నిసార్లు వెళ్ళినా అదే తంతు.

దండాసి ఖాళీ రోజుల్లో ఒక రాళ్ళ క్రషర్లో టిప్పరు తోలడం మొదలెట్టాడు. ఆ టిప్పరు వెనకాల వెళితే ముందున్న రోడ్డు కనపడదు, అంత పొగ. మేం మా కంపెనీ లెక్కలోంచి తీసేసిన డీజిల్‌ని అతను వేరేవాళ్ళ లెక్కలో కాలుస్తున్నాడు. భూమికి ఏ కంపెనీ లెక్కయితే ఏం? ఈ మాట అనిరుధ్‌తో అన్నాను. "ఇది రిపోర్టులో ఎక్కడా రాయడానికి గడి లేదు మేడం" అన్నాడు.

టిప్పరు పని తెల్లవార్లూ ఉండేది. పొద్దున్న నేరుగా మా బండెక్కేవాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయేమని అడిగితే సముద్రపు గాలి అనేవాడు.

ఒకరోజు ఫోనొచ్చింది. మార్కండి దారిలో హైవే దిగి లోపలికి తిరిగాక ఒక కల్వర్టు ఉంది. అక్కడ దండాసి నిద్రలోకి జారాడు. వ్యాను రోడ్డు దిగి వరిమడిలో పడింది. నేను వెళ్ళేసరికి ఆకు బొమ్మ ఉన్న తలుపు ఆకాశం వైపు ఉంది. ఐసు ముక్కలు మడంతా చెల్లాచెదురు. రెండు కొంగలు కాళ్ళు ఎత్తెత్తి పెట్టుకుంటూ, ఇదేమిటా అన్నట్టు చూస్తున్నాయి. దండాసి గట్టు మీద కూర్చుని ఎడం చేతిని కుడిచేత్తో పట్టుకుని ఉన్నాడు. చెయ్యి విరిగింది. దేవుడి దయ, దారిలో మనుషులెవరూ లేరు.

"ఐసు పోనాదండీ అమ్మగోరూ" అన్నాడు నన్ను చూసి. ఆ మాటకి నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు, కనక అతన్నే తిట్టాను. "ఐసు ఊసు ఎవడడిగాడు నిన్ను? లే, ఆసుపత్రికి పద" అన్నాను. అనిరుధ్ వెంట ఉన్నాడు. దండాసిని తన కార్లో ఎక్కించుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు.

వలల పాక దగ్గర

సరుకు ఆగదు కదా. అమ్మేద్దామనుకున్న రెండో వ్యాన్లో భాస్కర్‌తో నేను మార్కండి వెళ్ళాను. చాలా ఆలస్యమైంది. ఎండ ముదిరింది. దూరం నుంచే కేకలు వినపడుతున్నాయి. ఇద్దరూ కొట్టుకుంటున్నారనుకుని నేను దాదాపు పరిగెత్తాను.

కొట్టుకోవడం లేదు. పక్కపక్కన కూర్చున్నారు. ఇద్దరి టబ్బుల మీదా ఒకే తడి గోనె కప్పి ఉంది. పోలమ్మ ఐసు అయిపోతే చిట్టెమ్మ ఇచ్చింది కాబోలు. ఇద్దరూ కలిసి మా కంపెనీని తిడుతున్నారు.

"ఒక్క బండి ఒక్క బండి అన్నారు..." అని చిట్టెమ్మ మొదలెడితే,

"...ఆ ఒక్కటి కూడా రాదు!" అని పోలమ్మ ముగించింది.

"సరుకు పాడైతే ఎవులిస్తారు?"

"ఆ పాత్రో బాబు ఇస్తాడేటి? ఇంట్లో పప్పు తింటాడు ఆయన!"

పక్కనుంచి భాస్కర్ నా చెవిలో అన్నాడు. "మేడం, కలిసిపోనారండి."

పెద్దలు కూర్చుని నచ్చజెబితే కలవలేదు. పండగలకి కలవలేదు. మా బండి ఆలస్యానికి కలిశారు. తిట్టడానికి ఇద్దరికీ ఒకే మనిషి దొరికితే పాత చీర ఎవరికి గుర్తుంటుంది?

నేను దగ్గరికి వెళ్ళి తిట్లన్నీ తిన్నాను. కాస్త ఊపిరి తీసుకున్నప్పుడు చెప్పాను. "దండాసి బండి మడిలో పడింది. చెయ్యి విరిగింది."

పోలమ్మ లేచి నిలబడింది.

"బతికున్నాడు కదా?"

"ఉన్నాడు. ఆసుపత్రికి పంపాను."

"దండాసేటి, మడిలో పడ్డమేటి? ఆడు సరుకు కదలకుండా తోలతాడు."

"నిద్రపోయాడు."

"పొద్దున్న పూట నిద్రేటి?" అంది చిట్టెమ్మ.

చెప్పక తప్పలేదు. ఒకే వ్యాను సంగతి, బత్తా సంగతి, రాళ్ళ క్రషర్ సంగతి. చెబుతున్నంతసేపూ ఇద్దరూ నన్నే చూస్తున్నారు. నేను చెప్పడం అయ్యాక చిట్టెమ్మ అంది. "అంటే మీ పొగ తగ్గడానికి ఆడు రెండు బళ్ళు తోలాలా పంతులమ్మా?"

అది నన్ను అడగాల్సిన ప్రశ్నే. నేను సరుకు తూయించి, రెండు టబ్బుల వరసలూ ఒకే బండిలో పెట్టించి, వెనక్కి వచ్చాను.

పాత్రో బాబు గదిలో

వాళ్ళు రెండు రోజుల తర్వాత వచ్చారు. బస్సు దిగి, ముందు ఆసుపత్రికి వెళ్ళి దండాసిని చూసి, అక్కణ్ణుంచి ఆటోలో అంకులి వచ్చారు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపితే పోలమ్మ అతనికి ఒక పక్కనుంచి, చిట్టెమ్మ ఇంకో పక్కనుంచి లోపలికొచ్చేశారు. నేను వాళ్ళని పాత్రో బాబు గదికి తీసుకెళ్ళాను. ఏమీ ఎరగని ముఖం పెట్టుకుని ఒక మూల నిలబడ్డాను. ఆయన వాళ్ళిద్దర్నీ ఒకేసారి ఒకేచోట చూడడం అదే మొదలు.

"కూకోండి, కూకోండి" అన్నారు. ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చున్నారు. ఆయన నా వైపు చూసిన చూపు నేను మర్చిపోను. నాదీ పూచీ అన్నావు కదమ్మా అన్నట్టుంది.

టీలు వచ్చాయి. పోలమ్మ టీ ముట్టలేదు.

"బాబూ, ఒక్క బండి మాకు ఇష్టమే. బండికోసం ఇద్దరం ఒక దగ్గిర కూకుంటే కబుర్లు దొరుకుతున్నాయి. కానీ దండాసికీ ఆ భాస్కర్‌కీ నెల జీతం ఇచ్చీయాలి. నిద్ర నేనోడు మా సరుకు తోల్డానికి నేదు."

"అది కంపెనీ యవ్వారం కదా పోలమ్మా..."

"సరుకు మాది కదా బాబూ" అంది చిట్టెమ్మ. "దండాసి ఆసుపత్రి కర్సు కూడా మీదే. కాదంటే రేపటినుంచి ఇద్దరి టబ్బులూ అవతల కంపెనీ బండెక్కుతాయి. ఆళ్ళూ ఒకే బండి పంపుతారట. మేం అడిగీసినాం."

నెల జీతం కోసం నేను ఆ గదిలో ఎన్నిసార్లు నిలబడ్డానో, ఎంత ఇంగ్లీషు వాడానో, ఎన్ని రంగుల చార్టులు చూపించానో. పాత్రో బాబు ఒకసారి కూడా చార్టు వైపు సరిగ్గా చూడలేదు. ఇప్పుడు ఆ సోఫా వైపు చూస్తున్నారు. ఆయన బజారులో పుట్టిన మనిషి. ఎదుటివాళ్ళు ఉత్తినే బెదిరిస్తున్నారా, నిజంగా వెళ్ళిపోతారా అన్నది ముఖం చూసి చెప్పగలరు.

"సరే" అన్నారు చివరికి. "ఇచ్చీద్దాం."

"రేటు కూడా సూడాలి బాబూ" అంది పోలమ్మ, టీ గ్లాసు అందుకుంటూ. అప్పటిదాకా దాచుకుంది ఆ మాటని.

రేటు కూడా చూడాల్సి వచ్చింది.

దండాసి కట్టు విప్పాక మళ్ళీ బండెక్కాడు. క్రషర్ మానేశాడు. ఖాళీ రోజుల్లో యార్డులో కొత్త డ్రైవర్లకి బండి నడపడం నేర్పే పని పెట్టాను. ఇంజను ఆపమని వాళ్ళమీద అరవడంలో నాకన్నా ముందుండేవాడు. ఆ సీజను చివర కళ్ళజోడు ఆవిడ మళ్ళీ అదే ప్రశ్న అడిగింది, ఈసారి అకౌంటెంటు ఫ్యాను వైపు చూడలేదు. ఆర్డరు నిలిచింది. అనిరుధ్ తన రిపోర్టులో గడి లేకపోయినా చివర ఒక పేజీ కలిపాడు. డ్రైవర్ల రాబడి తగ్గితే తగ్గిన డీజిల్ నిలవదు అని అందులో రాశాడు. ఎవరైనా చదివారో లేదో తెలియదు. మీరు మటుకు చదివినట్టే లెక్క.

ప్రపంచం పొగ మేం తగ్గించామని చెప్పను. ఓడరేవుకి వెళ్ళే కంటైనర్లు ఇంకా వెళ్తూనే ఉన్నాయి, ఆ రొయ్యలు తినేవాళ్ళు ఇంకా అంత దూరంలోనే ఉన్నారు. మార్కండి నుంచి అంకులి దాకా ఒక ఖాళీ బండి ఆగింది, అంతే. ఆ ఒక్క బండి ఆపడానికే ఇన్ని పాట్లు.

జీతాల మాట ఒప్పించుకున్న ఆ రోజు పోలమ్మా చిట్టెమ్మా నవ్వుకుంటూ గేటు దాటి వెళ్ళేదాకా పాత్రో బాబు కిటికీలోంచి చూస్తూ నిలబడ్డారు. తర్వాత నా వైపు తిరిగారు.

"విశాలమ్మా, రేపటినుంచి మళ్ళీ రెండు వ్యాన్లూ పంపితే ఎలగుంటుందంటావు? మళ్ళీ కొట్టుకుంటారేమో సూద్దాం."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

మర్నాడు పొద్దున్న నేను పంపింది ఒక్క వ్యానే.